నూనె సీసా, నల్ల డొప్ప

సభకు వచ్చిన పెద్దలకి, బాలగంగాధరం గారి భార్య కామాక్షి గారికి, అన్నగారు శరభయ్య గారికి, కార్డులు కొనే కంపెనీ తరఫున కాకినాడ నుంచి వచ్చిన మాణిక్యాలరావు గారికి, మా షెడ్డులో నాతో పాటు పనిచేసే అక్కచెల్లెళ్ళకి నమస్కారం.

గంగాధరం గారు పోయి నేటికి పదమూడు రోజులు. ఇంతమంది వస్తారని మేము అనుకోలేదు. అంబాజీపేటలో లోడు ఆపుకుని లారీ డ్రైవర్లు కూడా వచ్చేరు. కుర్చీలు చాలక బయట నిలబడ్డవాళ్ళు మన్నించాలి.

నా పేరు ఎలీసమ్మ. మన అమలాపురంలోనే, గంగాధరం గారి షెడ్డులో పదేళ్ళుగా బిగింపు బల్ల దగ్గర పనిచేస్తున్నాను. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాను, అంతే. అందుకని రాసుకొచ్చేను. నా గొంతు చిన్నది. వెనకవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి.

ఆయన మంచివారని చెప్పడానికి నేను లేవలేదు. ఆ మాట పెద్దలందరూ చెప్పేరు. ఇందాక మాణిక్యాలరావు గారు ఇంకో మాట కూడా అన్నారు. "మొదట్లో ఆయన డిజైనులో పొరపాటు జరిగింది, అయినా దాచకుండా ఒప్పుకున్నారు" అన్నారు. ఆయన గౌరవంగానే అన్నారు. ఆయన దగ్గరున్న ఉత్తరంలోనూ అలాగే ఉంది. కానీ అయ్యా, ఆ పొరపాటు గంగాధరం గారిది కాదు. ఎవరిదో నాకు తెలుసు. అది చెప్పడానికే లేచేను.

తెలియనివాళ్ళ కోసం మా పనేమిటో ముందు చెబుతాను. పొలాల్లో, కొబ్బరితోటల్లో మోటార్లుంటాయి కదా. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆ మోటారు కాలిపోతుంది. కాలిపోకుండా ఆపడానికి స్టార్టరు డబ్బాలో ఒక కార్డు పెడతారు. మేము చేసేది ఆ కార్డు. దానికి తీగలు తగిలించే చోట కనెక్టరు ఉంటుంది. అంటే కొన్ని ఇత్తడి పిన్నులు, వాటిని కదలకుండా పట్టుకునే నల్ల ప్లాస్టిక్ గూడు. గంగాధరం గారు దాన్ని హౌసింగు అనేవారు. మేము డొప్ప అనేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆయన కూడా డొప్ప అనడం మొదలుపెట్టేరు.

బొటనవేలంత వస్తువు. అది చిట్లితే పిన్ను జారుతుంది. పిన్ను జారితే కార్డు ఉన్నా లేనట్టే.

బయట దొరికే డొప్పలు మోటారు అదురుకి నిలవడం లేదని, గంగాధరం గారు సొంతంగా అచ్చు తీయించి, చేత్తో నొక్కే మిషను మీద పోయడం మొదలుపెట్టేరు. షెడ్డు అంతకు ముందు కురిడీల కొట్టు, ఎండుకొబ్బరికాయలు నిలవచేసేది. గోడలకి ఇప్పటికీ ఆ వాసనే. శరభయ్య గారు కోవెల నుంచి వస్తూ గుమ్మంలో ఆగి, "మా నాన్నగారు వేదం పనసలు చెప్పిన నోటితోనే వీడికి అక్షరాభ్యాసం చేయించేరు. వీడేమో ప్లాస్టిక్ కాచుకుంటున్నాడు" అనేవారు. తమ్ముడుగారు తల ఎత్తకుండా, "అన్నయ్యా, అక్కడ నిలబడితే వెలుతురు పడటం లేదు" అనేవారు. శరభయ్య గారు నవ్వి పక్కకి జరిగేవారు. గుర్తుందా అండీ?

షెడ్డులో నీళ్ళకి ఒకటే కూజా ఉండేది. ఊరి బయట పేట నుంచి వచ్చిన మేము పదకొండుమందిమీ, ఆయనా అందులోవే తాగేవాళ్ళం. దాని గురించి ఆయన ఎప్పుడూ ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో మేము పంపిన కార్డులు తిరిగి రావడం మొదలుపెట్టేయి. అన్నిటికీ ఒకటే జబ్బు. డొప్ప మూల దగ్గర వెంట్రుకంత చీలిక. కాట్రేనికోన నుంచి కొండయ్య గారనే రైతు, కాలిపోయిన మోటారు చుట్టలు గోనెసంచిలో తెచ్చి బల్ల మీద గుమ్మరించేరు. "ఇదిగోనండి, మీ కార్డు కాపాడిన మోటారు. దండేసి పటం కట్టించుకోండి" అన్నారు. గంగాధరం గారు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించేరు. మోటారుకి కొత్త చుట్ట వేయించి ఇచ్చేరు. ఆయన వెళ్ళేక ఆ నల్లబడ్డ తీగని చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

అప్పటి నుంచి అయిదు నెలలు అచ్చు మారుస్తూనే ఉన్నారు. గోడ మందం చేసేరు. బలానికి లోపల సన్నటి అడ్డబద్దలు వేసేరు. మూలలు గుండ్రం చేసేరు. కొత్త డొప్పల్లో పిన్నులు తనే బిగించి, కార్డులు సంచిలో పెట్టి, అంబాజీపేట నుంచి కాయల లోడుతో పోయే లారీల అడుగున కట్టించేవారు. లారీ కన్నా పెద్ద అదురు ఎక్కడ దొరుకుతుంది? లారీ డ్రైవరు భీమరాజు అదిగో, అక్కడ కూర్చున్నాడు. పదిహేను రోజులకి తిరిగొచ్చి, "ఆయ్, నిమ్మకాయ కట్టే చోట మీ సంచి కట్టేనండి. పాట్నా దాకా వెళ్ళొచ్చింది. నా నడుం విరిగింది గానీ మీ డొప్ప విరగలేదు" అన్నాడు.

నిజమే. ఆయన బిగించినవి ఒక్కటీ విరగలేదు. మేము బిగించినవే విరుగుతున్నాయి. అదే అచ్చు, అదే ప్లాస్టిక్. ఇంకొకరైతే ఏమనేవారు? మా బల్ల దగ్గరికి వచ్చి మీరేం చేస్తున్నారని అడిగేవారు కాదా? ఆయన అడగలేదు. మళ్ళీ అచ్చు దగ్గరికే వెళ్ళేరు.

ఇక మా బల్ల సంగతి. ఆ డొప్పలో పిన్నుల వరస చాలా బిగుతుగా దిగేది. నొక్కి నొక్కి గోళ్ళు చితికేవి. మార్తమ్మ వేలికి చీము పట్టింది. అప్పుడు నేను ఒక ఉపాయం కనిపెట్టేను. కోనసీమలో ఏది బిగుసుకున్నా మన చెయ్యి దేనికి పోతుంది? తలుపు గడియకైనా, సైకిలు గొలుసుకైనా కొబ్బరినూనే కదా. ఇంటి నుంచి చిన్న సీసాలో నూనె తెచ్చి, దూదితో పిన్నులకి రాసి చూసేను. సుతారంగా దిగిపోయింది. మిగతా పదిమందికీ నేనే నేర్పేను. మేలు చేసేననుకున్నాను.

రోజూ పని మొదలుపెట్టే ముందు మేము ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ అయిదు నెలలూ, డొప్పలు విరగకుండా చూడు ప్రభువా అని నేనే ప్రార్థన చేయించేను. నూనె సీసా నా మోకాలి పక్కనే ఉండేది.

ఆ దూది పెట్టుకోవడానికి పక్కన పారేసిన ఒక డొప్ప వాడేదాన్ని. ఒకరోజు చూస్తే దాని నిండా సాలెగూడులా చీలికలు. దాన్ని ఎవరూ మోటారుకి బిగించలేదు, లారీకి కట్టలేదు. బల్ల మీద నూనెలో కూర్చుంది, అంతే. నాకు అర్థమైంది.

అర్థమయ్యేక తొమ్మిది రోజులు నేను నోరు విప్పలేదు. ఇది మీ అందరి ముందూ చెప్పాలి. ఈసారి పంపే రెండు వందల కార్డుల్లో ఒక్కటి విరిగినా ఇక కొనమని కంపెనీవారు రాసేరు. అంటే షెడ్డు మూతే. ఆ రెండు వందలూ మేము నూనె రాసి బిగించినవే. చెబితే నా పని పోతుంది, నాతో పాటు పదిమంది పనీ పోతుంది. చెప్పకపోతే ఇంకో కొండయ్య గారి మోటారు పోతుంది. తొమ్మిది రోజులూ ప్రార్థన మాత్రం చేయించేను.

పదో రోజున పెట్టెలకి మేకులు కొడుతున్నారు. ఆ చిట్లిన డొప్పా, సీసా తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేను. ఆయన డొప్పని భూతద్దంలోంచి చూసేరు. సీసా మూత తీసి వాసన చూసేరు. "మంచి నూనెండీ. మా ఇంట్లో ఇంత బాగుండదు" అన్నారు. నేను ఏడుస్తున్నాను. ఆయన మేకులు కొట్టేవాళ్ళని ఆపమన్నారు. రెండు వందల కార్డులున్న పెట్టెలన్నీ విప్పించేరు.

తప్పు నాదని నేనే కంపెనీకి రాస్తానన్నాను. అప్పుడు ఆయన అన్నది అక్షరం మార్చకుండా చెబుతున్నాను. "ఎలీసమ్మ గారూ, బిగుతుగా ఉంది కాబట్టి నూనె రాసేరు. బిగుతుగా చేసింది నేను కదా. ఈ ఊళ్ళో చేతులకి నూనె ఉంటుందని నాకు తెలియదా? కంపెనీ వాళ్ళకి మన పేర్లు అక్కర్లేదు, డ్రాయింగు కావాలి." ఆ సాయంత్రమే, డిజైను లోపం నాది, రెండు నెలలు గడువు కావాలి అని ఉత్తరం రాసి సంతకం పెట్టేరు. ఆ ఉత్తరమే మాణిక్యాలరావు గారి దగ్గరున్నది.

ఆ రెండు నెలలూ అచ్చు బల్ల మా మధ్యకి వచ్చింది. మమ్మల్ని ఎప్పటిలా తలకి నూనె రాసుకుని రమ్మన్నారు. ఒక్కొక్కరి చేతా నొక్కించి చూసేరు. డొప్ప నోటి దగ్గర ఏటవాలు పెట్టేరు, పిన్నుల వరస దానంతటదే దారి పట్టుకునేలా. ప్లాస్టిక్ మార్చి నైలాను తెచ్చేరు. అది మిషను మీద సరిగ్గా పోయడానికే మూడు వారాలు పట్టింది. పిన్నులు పూర్తిగా దిగితే టక్కుమని చప్పుడు వచ్చేలా లోపల చిన్న పన్ను పెట్టేరు. మొదటి డొప్పలు నెల రోజులు కొబ్బరినూనెలో నానేయి. ఆ తరవాతే భీమరాజు లారీ ఎక్కేయి. "ఈసారి వేయించుకుని తినడానికా అండీ?" అన్నాడు భీమరాజు.

ఆ డొప్ప ఇప్పటికి ఒక్కటీ తిరిగి రాలేదు. నా సీసా మాత్రం ఆయన పరీక్ష బల్ల మీదే ఉండిపోయింది. ఏ కొత్త డొప్ప అయినా ముందు అందులో మునగాల్సిందే. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయన పేరు మీద ఒక తప్పు ఏడేళ్ళు ఉంది. మా బల్ల దగ్గర అందరికీ తెలుసు. ఆయన అనొద్దన్నారని ఎవరం అనలేదు. ఇప్పుడు ఆయన లేరు. ఇక ఆ తప్పు ఆయన పేరు మీద ఉండటానికి వీల్లేదు. కామాక్షి గారూ, ఈ సంగతి మీకు కూడా తెలియదని నిన్ననే తెలిసింది. నన్ను క్షమించండి. మాణిక్యాలరావు గారూ, నేను చదివిన ఈ కాగితం కింద నా సంతకం ఉంది. ఇది మీకే ఇస్తాను. మీ ఫైల్లో ఆ ఉత్తరం పక్కన పెట్టండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పెట్టెలు కట్టే ముందు ఆయన మిషన్లన్నీ ఆపించేవారు. షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. కార్డు చెవి దగ్గర పెట్టుకుని కనెక్టరు నొక్కేవారు. టక్కుమన్నదా, కార్డు వెళ్ళవచ్చు. అనలేదా, విప్పాలి. ఆ చప్పుడు చాలా చిన్నది. అందరం ఊపిరి బిగబట్టి ఉంటే గాని వినపడదు.

ఈరోజు కూడా మిషన్లు ఆపి వచ్చేము. ఆయన వింటున్నప్పుడు మేము నిలబడినట్టే, రెండు నిమిషాలు అందరూ లేచి నిశ్శబ్దంగా నిలబడండి.