ఎనిమిదో పురుగు

కొత్తవాడలో కట్టయ్య మగ్గం ఇల్లు. సుబేదారిలో ప్రదర్శన ముగిశాక, అక్కడ పెట్టిన జంపఖానాను తిరిగి తీసుకొచ్చింది దానికి పురుగుల బొమ్మలు గీసిచ్చిన లావణ్య.

"ఏడే గీసిచ్చిన గద తాతా. ఈ ఎనిమిదోది ఎందుకు నేసినవ్?"

"తప్పైందా బిడ్డా?"

"తప్పని కాదు. బయటి దేశాలకెల్లి మన మిద్దెతోటలల్లకు కొత్తగొచ్చిన పురుగులనే చూపియ్యాలని కద నా ప్రాజెక్టు. కొబ్బరాకులకు తెల్లదోమ, బొప్పాయికి పిండినల్లి, పూలల్ల నల్ల తామరపురుగు... అన్నీ మొన్నమొన్న వచ్చినయే. నీ ఆరుద్ర పురుగేమో పాతది."

"పాతదే. అందుకే మూలకు పెట్టిన. నడుమల పెట్టలే గద."

"అయినా నాకొక మాట చెప్పాలె. ప్రదర్శనల పరిచినంకనే చూసిన."

"చెప్తె వద్దంటవని చెప్పలే. మా వాకిట్ల బొప్పాయిని ఎండవెట్టింది గా పిండినల్లే. దాన్నే నా చేత్తో ముద్దుగ నేస్తాంటె, కొంప ముంచినోని పెండ్లికి పందిరేసినట్టు అనిపిచ్చింది. అందుకే ఒక్కటి నాకోసం ఏసుకున్న."

"నువ్వు దాన్ని చూసి ఎన్నేండ్లాయె?"

"పదో, పన్నెండో. మిరుగు కార్తె వాన పడితె సాలు, తడి నేల మీద ఎర్ర మఖమల్ ముక్క లెక్క పాకేది. అరచేతిల పెడితె కాళ్ళు ముడుసుకునేది. చిన్నప్పుడు మా చెల్లె బక్కమ్మ అగ్గిపెట్టెల దాసేది. ఇప్పుడు మట్టేది? అంత సిమెంటాయె. మిగిలిన జరంత జాగల మందులు కొడ్తాండ్రు."

"మగ్గం ఎప్పుడు ఇప్పుతాండ్రు?"

"ఐతారం. మావోడు పాతసామాన్ల వాళ్ళకు చెప్పిండు. ఇగ ఇదే ఆఖరు జంపఖానా. మగ్గం సంగతి ఇడువు. జనం వచ్చిండ్రా?"

"మస్తు మంది. రంగులు బాగున్నయన్నరు. నేత అయితే..."

"నేత కాదు బిడ్డా. నా ఎర్రదాన్ని చూసిండ్రా?"

"చూసిండ్రు."

"ఎవలన్న గుర్తువట్టిండ్రా? ఒక్కరన్న, అగో ఆరుద్ర పురుగు అని?"

"చాయ్ తాగుదామా తాతా?"

"మాట తప్పియ్యకు. ఇంకొకరి కండ్లల్ల అది ఉన్నదో లేదో ఎరుకైతదని నేసిన. గంతే."

"నీ అంత పెద్దోళ్ళు గూడ వచ్చిండ్రు..."

"మరి వాళ్ళకు ఎరుకే ఉంటది."

"నేను గీసిన ఏడింటిని టక్కున పట్టిండ్రు తాతా. ఇది మా కొబ్బరిచెట్టుది, ఇది మా గులాబీలది, ఎప్పటిసందో మా పెరట్లనే ఉన్నది అన్నరు."

"నా దాన్ని?"

"నీ ఎర్రదాన్ని మాత్రం... ఇది ఏ దేశం నుంచి వచ్చింది, దీనికేం మందు కొట్టాలె అని అడిగిండ్రు."