తిరిగి వెళ్ళే దారి

ట్రోమ్సో పొలిమేరలో, కొండవాలున కట్టిన పురపాలక చెత్త కేంద్రం. పై అంచున కారు ఆపి భార్యాభర్తలు నిలబడ్డారు. ఆమె చేతుల్లో మంచు మీద జారే చిన్న చెక్కబండి, ఒక పక్క విరిగి ఉంది. కింద తొట్టెలు.

“ఇలా ఇవ్వు, నేను పడేస్తాను.”

“వద్దు, నేనే.”

“ఈ కేంద్రం ప్లాను గీసింది నువ్వే కదా. వాలుంది, ఎవరూ బరువెత్తక్కర్లేదు, పైనుంచి చెయ్యి వదిలితే చాలని అందర్నీ ఒప్పించావు.”

“స్థలం కొలవడానికొచ్చిన రోజు ఇల్వా దీని మీదే కిందిదాకా జారింది. ‘అమ్మా, ఇక్కడ చెత్త పోస్తే నేనెక్కడ జారాలి?’ అంది.”

“నువ్వేమన్నావు?”

“కొండలకేం కరువే అన్నాను.”

“రోడ్డువైపు వాలుకి అది తనంతట తనే జారడానికి వెళ్ళింది. లారీ అతనిదీ తప్పు కాదు, నీదీ కాదు.”

“వెనకాల కార్లు ఆగిపోయాయి. హారనన్నా కొట్టరేం?”

“పిల్లని పాతిపెట్టిన రోజు వచ్చినవాళ్ళే అందరూ. ఎలా కొడతారు?”

“ఇంటికి పట్టుకెళ్ళిపోదాం. కారు వెనక్కి తిప్పు.”

“తిప్పడానికి చోటేదీ? ఒకవైపు దారే పెట్టావుగా.”

“గీసేటప్పుడు తోచలేదు, తెచ్చినదాన్ని తిరిగి పట్టుకెళ్ళేవాళ్ళు కూడా ఉంటారని.”