రెండు బకెట్ల శాస్త్రం

బాబాయ్, ఆ చేతుల కుర్చీ ఇలా జరుపు, మా మామయ్యగారు కూర్చుంటారు. మోకాలి ఆపరేషనయ్యాక నెల రోజులకి ఇవాళే నాలుగో అంతస్తు దిగారు, అదీ లిఫ్టు లేని అపార్ట్‌మెంట్లో, మాటలా! కర్ర ఇలా ఇవ్వండి మామయ్యగారూ, నేను పట్టుకుంటాను. టీలు రెండు, ఆయనకి చక్కెర వద్దు. ఓహో, డాక్టరమ్మగారూ, నమస్కారం. మా మొదటి అంతస్తు పళ్ల డాక్టరుగారు కదూ మీరు, ఈ నెల రోజులుగా మామయ్యగారింట్లోనే ఉంటున్నాంగా, మెట్ల మీద చూస్తుంటాను. మీకు కారుందా? ఉందా! అయితే ఇక్కడే నిలబడి టీ తాగండి, మీకు పనికొచ్చే సంగతి చెప్తాను.

సంగతేంటంటే, ఆపరేషన్‌కి వెళ్లే ముందు మామయ్యగారు నన్ను పిలిచి ఏమన్నారు? సరే, నేనే చెప్తాను, ఆయన తక్కువ మాట్లాడతారు. ‘అల్లుడుగారూ, నేనింక కారు నడపలేను. నెల రోజులు దాన్ని బయట ఒక్క మరక లేకుండా చూసుకోండి, చూసుకుంటే తాళంచెవి మీదే’ అన్నారు. ఈయనెవరనుకున్నావు బాబాయ్? ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, బస్సుకే రోజూ అద్దాలు తుడిచి గానీ ఎక్కేవారు కాదు. ఆ తాళంచెవి అదిగో, ఆయన చొక్కా జేబులో ఉంది. టీ తాగగానే సెల్లార్లోకి వెళ్లి కారు చూడ్డం, నా చేతిలో పెట్టడం, అంతే మిగిలింది.

"ఇన్నాళ్లూ ఇవ్వలేదేం మరి?" అన్నాడు టీ కొట్టాయన.

అడిగావూ! ఎనిమిదేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, నేను కారు రివర్స్ చేస్తుంటే గేటు వచ్చి దానికి గుద్దుకుంది. గేటే, నా తప్పేం లేదు. ఎడమవైపు వెనక తలుపుకి ఇంత సొట్ట పడింది. ఆ రోజు నుంచి కారు కవరు మడతపెట్టే పని కూడా నాకు చెప్పలేదు ఈయన. పండక్కి వచ్చినా పబ్బానికి వచ్చినా అల్లుడి స్థానం వెనక సీటే. చిన్నతనంగా ఉండదా చెప్పు? జిరాక్స్ షాపులో రోజుకి వెయ్యి కాగితాలు తీస్తాను, ఒక్కటి వంకర రానివ్వను, అలాంటి నన్ను నమ్మరేంటి అని ఎన్ని రాత్రుళ్లు బాధపడ్డానో మా ఆవిడకి తెలుసు. అందుకే ఈ అవకాశం రాగానే, ఇక చూస్కో, కారు కడగడం అంటే ఏంటో లోకానికి చూపిద్దామనుకున్నాను.

మొదట సామాను. "గిన్నెల సబ్బు చాలదా?" అంటావు నువ్వు. అనలేదా? అనబోయావు, నీ మొహంలో కనిపించింది. గిన్నెల సబ్బు జిడ్డుతోపాటు కారు మీదున్న మైనం పూత కూడా ఊడ్చేస్తుంది బాబాయ్, బట్టల పౌడరైతే ఇంక రంగుకే ఎసరు. కారు షాంపూ అని విడిగా ఉంటుంది. షాపుకెళ్తే పద్దెనిమిది రకాల సీసాలు ముందు పెట్టాడు. నేను వదల్తానా, ఒక్కో సీసా వెనక ఉన్న చిన్నక్షరాలన్నీ చదివాను, మూత తీసి వాసన చూశాను, వేళ్ల మధ్య రాసి చూశాను. పదో సీసాకి షాపువాడు చెమట తుడుచుకున్నాడు, పదిహేనో సీసాకి కుర్చీ వేశాడు, పద్దెనిమిదో సీసాకి ‘సార్, వారానికోసారి వచ్చి నా కౌంటర్లో కూర్చోండి, మీకున్నంత జ్ఞానం కంపెనీవాడికి కూడా లేదు’ అని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పట్టుకుని బయటికి పంపించాడేమో," అన్నాడు టీ కొట్టాయన.

నువ్వు టీ మరిగించు. ఇక పద్ధతి. డాక్టరమ్మగారూ, ఇది రాసుకోండి, బకెట్లు రెండుండాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఒకదాంట్లో మామూలు నీళ్లు. షాంపూ నీళ్లలో గుడ్డ ముంచి ఓ చోట తుడిచి, ఆ గుడ్డని రెండో బకెట్లో జాడించి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. ఒకే బకెట్ పెట్టుకుంటే ఆ ఇసకే తీసుకెళ్లి మళ్లీ కారు మీద రుద్దినట్టు, గీతలు పడిపోతాయి. పైనుంచి కిందికి రావాలి, నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. చక్రాలు ఆఖరున, వాటి గుడ్డ వేరు. చివరికి నీళ్లు ఆరిపోకముందే మెత్తటి పొడి గుడ్డతో ఒత్తాలి, లేకపోతే చుక్కలు చుక్కలుగా మరకలు మిగులుతాయి. ఇవన్నీ నాకెవరు నేర్పారంటారా? పుట్టుకతో వచ్చిన తెలివి, ఏం చేస్తాం.

"బాగుందండీ," అంది డాక్టరమ్మ. "నేనెప్పుడూ ఒకే బకెట్టు."

చూశారా! ఇక మొదటి రోజు. రోజూ సాయంత్రం ఏడింటికి, టీవీలో సీరియల్ మొదలవగానే ఇంట్లో నా అవసరం ఎవరికీ ఉండదు కాబట్టి, బకెట్లు పట్టుకుని సెల్లార్లోకి దిగుతాను. కవరు తీశాను. బకెట్లో ఒకే ఒక్క మూత షాంపూ, దగ్గుమందు మూతంత వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నురగ లేచింది. బకెట్ దాటింది, నా మోకాళ్లు దాటింది, నడుము దాటింది, కారు కనిపించడం మానేసింది. ఓ దశలో నేను తుడుస్తున్నది కారో గోడో కూడా తెలియలేదంటే నమ్ము. సెల్లార్లో ఉండే పిల్లి ఆ నురగ మీదెక్కి పడుకుంది, లేపితే లేవదు!

"పిల్లి నీళ్ల దగ్గరికే రాదు," అన్నాడు టీ కొట్టాయన.

అది నీళ్లు కాదు కదా, నురగ. మధ్యలో తర్కాలు తీయకు. వారం తిరిగేసరికి మెరుపు మొదలైంది. మామూలు మెరుపు కాదు, సెల్లార్లో ట్యూబ్‌లైట్ ఆర్పేసినా కారు వెలుగు చాలు, వాచ్‌మన్ దాని ముందు నిలబడి గడ్డం గీసుకునేవాడు. ఓ దోమ వచ్చి బానెట్ మీద వాలబోయింది, కాలు నిలవలేదు, సర్రున జారి కిందపడింది, లేచి కుంటుకుంటూ పోయింది. నా కళ్లతో చూశాను. దుమ్ముకి సిగ్గుంటుంది బాబాయ్, అది మన కారు దాకా వచ్చి, ఛీ ఇక్కడెక్కడ వాలతాంలే అని పక్క కారు మీదికి పోయేది.

ఆ పక్క కారు సంగతి చెప్పాలి, కడుపు తరుక్కుపోతుంది. స్తంభానికి అవతల ఉంటుంది. దానిమీదా మన కవరులాంటి కవరే, కానీ కవరు మీద వేలెడు మందం దుమ్ము, పావురాల రెట్టలు, చక్రాల్లో గాలి కూడా తగ్గిపోయింది. నెల నుంచి ఒక్కడు దాని మొహం చూసిన పాపాన పోలేదు. ఎవడో దిక్కుమాలినవాడు, కారు కొనుక్కోగానే సరా, చూసుకోవద్దూ? అలాంటివాడికి కారు కాదు, చక్రాల కుర్చీ కూడా ఇవ్వకూడదు. ఏంటి మామయ్యగారూ, దగ్గొచ్చిందా? నీళ్లు ఇవ్వు బాబాయ్.

"పన్నెండేళ్ల కారు మీరు చెప్పినంత మెరవదు," అన్నారు మామగారు, గ్లాసు కింద పెట్టి.

మెరవడం ఒక్కటేనా! రెండో వారం జరిగింది వింటే మీరు కుర్చీలోంచి లేస్తారు. ఎడమవైపు వెనక తలుపు తుడుస్తున్నాను. రోజూ ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి, ఆ సొట్ట కంటపడుతుందని కళ్లు మూసుకుని గబగబా తుడిచేసేవాణ్ని. ఆ రోజు ధైర్యం చేసి కళ్లు తెరిచి చూశాను. సొట్ట లేదు! అరచేత్తో తడిమాను, గోరుతో తడిమాను, వంగి చెంప ఆనించి చూశాను. నున్నగా, పుట్టినప్పుడెలా ఉందో అలా ఉంది తలుపు. నా కడుగుడుకి ఇనుము కరిగి సర్దుకుంది మామయ్యగారూ! నిజం చెప్తున్నాను, అక్కడే బకెట్ బోర్లించుకుని దానిమీద కూర్చుని ఏడ్చాను. ఎనిమిదేళ్ల మచ్చ పోయింది నాకు.

"ఎడమవైపు తలుపేనా అండీ?" అంది డాక్టరమ్మ. టీ సగంలో ఆపేసింది.

ఎడమవైపే. అప్పుడు నాకర్థమైంది, ఈ కారు బాగవడం కాదు, వయసు తగ్గుతోంది. పన్నెండేళ్లది పదేళ్లయింది, పదేళ్లది ఏడేళ్లయింది. సీట్లు అద్దంలోంచి చూస్తే కొత్త తొడుగుల్లా కనిపించాయి. ఇంతకీ నేను లోపల చెయ్యే పెట్టలేదు, తాళంచెవి మామయ్యగారి దగ్గరే ఉందాయె. బయట కడిగితే లోపల కూడా బాగుపడింది, అదీ నా చేతి మహిమ.

"ఇదేదో ఆయుర్వేదంలా ఉందే," అన్నాడు టీ కొట్టాయన.

నవ్వు, నవ్వు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోజూ అంత శుభ్రంగా కడిగి కవరు కప్పి వస్తానా, మర్నాడు సాయంత్రం కవరు తీస్తే చక్రాలకి తాజా మట్టి! ఎవరూ నడపని కారుకి మట్టెలా వస్తుంది? బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా. వేడి బానెట్ మీద నీళ్లు పోయకూడదు, అది ఇంకో సూత్రం, అందుకని చల్లారేదాకా పక్కనే నిలబడి ఆలోచించాను. ఆలోచిస్తే తెలిసింది. దీనికి ప్రాణం వచ్చేసింది! వయసు తగ్గి, ఒంట్లో ఉత్సాహం పొంగి, నేను ఆఫీసుకి, అదే, షాపుకి వెళ్లిన టైములో తనే బయటికెళ్లి ఊరంతా తిరిగొచ్చి, బుద్ధిగా కవరు కప్పుకుని పడుకుంటోంది.

"కవరు కూడా తనే కప్పుకుంటోందా?"

పద్ధతైన ఇంటి కారు బాబాయ్. నమ్మవు కదా నువ్వు? ఇది విను. పోయిన మంగళవారం ఏడు గంటల అయిదు నిమిషాలకి దాని వీపు నిమురుతూ, ‘ఏమే, ఇవాళ ఎక్కడెక్కడ తిరిగావు?’ అన్నాను. అబద్ధమైతే ఈ టీ నాకు విషం, కీకీమని పలికింది, రెండు లైట్లూ ఆర్పి వెలిగించి నాకు కన్ను కొట్టింది! ఎనిమిదేళ్ల సంసారంలో మా ఆవిడ కూడా నాకు కన్ను కొట్టలేదు. ఒక్క రోజు కాదు, రోజూ! నేను పలకరించడం, అది పలకడం.

"ఏడు గంటల అయిదు నిమిషాలకి," అంది డాక్టరమ్మ మెల్లగా. "రోజూ."

రోజూనండీ! ఇదంతా ఒక ఎత్తు, నిన్న జరిగింది ఒక ఎత్తు. మామయ్యగారు ఇవాళ చూడ్డానికొస్తారు కదా, ఏ సందులోనూ మట్టి ఉండకూడదని పాత టూత్‌బ్రష్ తీసుకుని నంబరు ప్లేటు తోమాను. మామయ్యగారి కారు నంబరులో చివరంకె మనకి కంఠతా, మూడు. తోముతూ తోముతూ ఉంటే ఆ మూడుకి ఎడమ పక్క ఏదో నల్లగా తేలుతోంది. ఇంకాస్త తోమాను, ఇంకాస్త తోమాను, చూస్తే అది ఎనిమిది! అసలు మొదట్నుంచీ ఎనిమిదే, సగం అంకె మీద మట్టి పట్టి మూడులా కనిపించింది ఇన్నేళ్లూ! అంటే చూడండి మామయ్యగారూ, పన్నెండేళ్లుగా మీ కారు అసలు నంబరేదో మీకే తెలీదు, అల్లుడు కడిగితే గానీ బయటపడలేదు.

"నా కారు నంబరు చివర మూడు," అన్నారు మామగారు. "నా చేత్తో బిగించిన ప్లేటు అది."

మీకలా కనిపించిందండీ, మట్టి...

"నాది ఎనిమిదండీ," అంది డాక్టరమ్మ.

ఏది ఎనిమిది?

"నా కారు. బూడిద రంగు, అదే మోడల్, అదే రకం కవరు. మెట్లు దిగగానే స్తంభానికి కుడి పక్కన ఉంటుంది. క్లినిక్ నుంచి వచ్చి కవరు కప్పి పైకెళ్లేసరికి ఏడవుతుంది. తాళం వేశానో లేదోనని అనుమానం వచ్చి మా మెట్ల దగ్గర్నుంచి మళ్లీ బటన్ నొక్కుతాను. దానికి సొట్ట ఎప్పుడూ లేదండీ. ఎవరు కడుగుతున్నారా అని నెల నుంచీ అనుకుంటున్నాను. వాచ్‌మన్‌కి థాంక్స్ చెబితే, ‘పర్లేదమ్మా, మన డ్యూటీ కదా’ అన్నాడు."

వాడి... బాబాయ్, నువ్వు నవ్వడం ఆపు ముందు, టీ పొంగిపోతోంది.

"అల్లుడుగారూ, స్తంభానికి కుడి పక్కదని చెప్పాను కదా," అన్నారు మామగారు.

కుడి పక్కదే కడిగానండీ! మెట్లు దిగి నిలబడితే ఇది కుడి చెయ్యి, ఇదే!

"కారు మెట్ల మీంచి దిగుతుందా? రోడ్డు మీంచి లోపలికొచ్చేటప్పుడు కుడి పక్క. బండి నడిపేవాడికి అదే కుడి."

"అయితే అవతలున్న ఆ దుమ్ము కారు..." అన్నాడు టీ కొట్టాయన.

పూర్తి చెయ్యకు బాబాయ్. మామయ్యగారూ, అలా చూడకండి, నా మాట వినండి. నాకు తెలియదా అది మన కారు కాదని? మొదటి రోజే తెలుసు. చెయ్యి తిరగకుండా మీ కారు మీద చెయ్యి వేస్తానా, ఏదైనా గీత పడితే? అందుకే ముందు బయటి కారు మీద నెల రోజులు సాధన చేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ, జాగ్రత్త తెలిసినవాడు ముందు రచ్చ గెలిచి ఇంటికొస్తాడు. అరె, తాళంచెవి లోపలి జేబులోకి పోతోందేంటి?

"రచ్చ గెలిచారుగా," అన్నారు మామగారు, గుండీ పెట్టుకుంటూ. "రేపట్నుంచి ఇంటిది మొదలుపెట్టండి."