గోడలో మేకు

“మూడు వందల స్పీడని చెప్పి వెనక గదికి తొంభై ఇస్తున్నరు. మీరు దొంగలు.”

దమ్మపేటలోని ఆ ఇంటికి నెట్ బాగుచేయడానికి వచ్చిన ఉబేద్, ఇంటి ముసలాయన తిట్లు వింటూనే ముందుగదిలో బాక్సు పక్కన ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు.

“ఈ బాక్సు కాడ మూడు వందలు నిండుగ వస్తున్నది కాకా. గోడల నుంచి వెనక గది బాక్సుకు పోయే తీగెలనే దెబ్బ ఉంది. దాంట్ల ఎనిమిది పోగులుంటయి, నాలుగే పనిచేస్తున్నయి, అందుకే స్పీడు వంద దాటుతలేదు.”

“మిగిలిన నాలుగు లీవు పెట్టినయా?”

“ఎప్పటి సంది గిట్లుంది?”

“మూడు నెలల సంది. కోడలు ఆ గదిల కూసోనే ఆఫీసు పని చేస్తది. మీటింగుల బొమ్మ ఆగుతదట. తిట్లు నాకు.”

“అప్పుడు ఈ గోడకు మేకు గిట్ట కొట్టిండ్రా?”

“కొట్టిన. మా ఇంటామె పోయినంక ఆమె పటం పెట్టిన. అది గూడ మీ కంపెనీని అడగాల్నా?”

“ఆ మేకే తీగెల దిగింది కాకా. పటం దించి మేకు పీకితే కొత్త తీగె గుంజుత.”

“బయటి నుంచి గుంజు.”

“కోతులు తెంపుతయి.”

“అవే నయం, జల్దీ పనిచేస్తయి.”

“రెండు నిమిషాలు దించితే చాలు. మళ్ల నేనే పెడ్త.”

“తొవ్వల ఆమె పాడె ఒకసారి దించినం. చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలిచిన, పలకలె. ఇంకోసారి దించ. నీ సామాను సర్దుకో. ఈ ముచ్చట మళ్ల నా ముందర ఎత్తకు.”