ఓర్వకల్లు గుట్టల్లో ర్యాలీ బడి పెట్టిన ఉరుకుందప్ప గారు

1924వ సంవత్సరం జూన్ నెల తొమ్మిదవ తేదీ సోమవారం ఉదయం, ఎమ్మిగనూరు దాపునున్న ఒక మెట్ట పల్లె నుంచి బట్టల మూట భుజాన వేసుకుని వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడు హంద్రీ మోటారు సర్వీసు షెడ్డులో క్లీనరుగా చేరారు. నాడు మన సంస్థకు ఉన్నది ఒకే ఒక బస్సు. దాని ఇంజనును ముందు నుంచి హ్యాండిలు వేసి తిప్పితే గాని అది ప్రాణం పోసుకునేది కాదు. ఆ హ్యాండిలును ఒక్క తిప్పు తిప్పి ఇంజనును కదిలించిన ఆ యువకుడే, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం డ్రైవర్ల సూపర్‌వైజరుగా నేడు పదవీ విరమణ చేయుచున్న మన శ్రీ ఉరుకుందప్ప గారు.

క్లీనరుగా ఆరేళ్లు శ్రమించి, 1930లో డ్రైవరు పదవినధిష్ఠించిన శ్రీయుతులకు కర్నూలు - కడప మార్గం అప్పగించబడింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా సాగే ఆ దారిలో ఓర్వకల్లు రాళ్లు, నంద్యాల నల్లరేగడి, వంకల ఇసుక ఒకదాని వెంట ఒకటి డ్రైవరును పరీక్షించేవి. యుద్ధకాలంలో పెట్రోలు కరవై బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన రోజులలో, వెనుక పొయ్యి రాజేసి, ముఖమంతా మసి చేసుకుని, ప్రయాణికులను వేళకు గమ్యం చేర్చిన వారి సహనాన్ని ఈ జిల్లాల వృద్ధులు నేటికీ తలచుకొందురు. 1946లో సూపర్‌వైజరైన పిమ్మట వారి చేతి కింద తయారైన డ్రైవర్లు నేడు మన బస్సులలో సగానికి పైగా నడుపుచున్నారు.

ఇంతటి నిష్ఠాగరిష్ఠుల హృదయంలో ఒక కోరిక మాత్రం తీరకుండా మిగిలిపోయినదని వారి సతీమణి శ్రీమతి మహాదేవమ్మ గారికి తప్ప అన్యులకు తెలియదు. ఒకనాడు భోజనం వడ్డిస్తుండగా వారామెతో, "ఇన్నేండ్లు బండి తోలినా గానీ, ఒక్క నాడన్నా దాన్ని మనసు తీరా బిరబిరా వదిలింది లేదు. ఎనకాల జనాలుండారు, బుట్టల్లో కోళ్లుండాయి. యాడ వదుల్తాం?" అన్నారట. ఆమె నవ్వారు గాని, ఆ మాట మరచిపోలేదు.

1953లో మన కర్నూలు రాష్ట్ర రాజధాని కావడంతో ఊరి వీధులలో కార్లు, జీపులు ఒక్కసారిగా పెరిగాయి. 1955 శీతకాలంలో మద్రాసు నుంచి హైదరాబాదుకు సాగిన ఒక మోటారు ర్యాలీ, అంటే దూరపు దారుల మీద సాగే కార్ల పందెం, మన దారి వెంట పోయింది. సర్కసు వచ్చినట్లుగా జనం రోడ్డుకిరువైపులా నిలిచి కేకలు వేశారు. ఆ సంబరంలో కర్నూలు న్యాయవాది శ్రీ ప్రకాశం గారు తమ పాత కారును ర్యాలీ కార్ల వెంట తరిమి, ఓర్వకల్లు మలుపులో నేరుగా పక్కనున్న గుంతలోకి దిగిపోయారు. సెలవు పెట్టిన డ్రైవరుకు బదులుగా ఆనాడు నంద్యాల నుంచి బస్సు నడుపుకుంటూ వస్తున్న ఉరుకుందప్ప గారు బండి ఆపి, మోకు కట్టి, ఆ కారును పైకి లాగించారు.

"ఏమప్పా లాయరు సామీ, అంత బిరబిరా యాడికి పోతాండారు?"

"పోటీలో చేరల్లని శానా దినాల నుంచి ఆశ ఉండాది ఉరుకుందప్పా. నాకే కాదు, నందికొట్కూరు సుంకిరెడ్డి ఉండాడు, ఆస్పత్రి డాక్టరమ్మ ఉండాది. మాకు నేర్పే మనిషి ఈ పక్క యాడుండాడు?"

 ఉరుకుందప్ప గారు మోకు చుట్టుకుని బస్సెక్కారు. కాని కర్నూలు చేరేదాకా వారి పెదవుల మీది చిరునవ్వు చెదరలేదని ఆనాటి కండక్టరు చెప్పగా విన్నాము.

ఆ వారాంతంలోనే వారు యజమాని గారి గదికి వెళ్లి, ఆదివారాలలో ఔత్సాహికులకు ర్యాలీ డ్రైవింగు నేర్పే బడి ఒకటి పెట్టుకొనుటకు అనుమతి కోరారు. యజమాని గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"బస్సులు నడిపే పెద్దమనిషివి. నీకేంటికప్పా ఈ పందేలు? ఎవరికన్నా కాలో చెయ్యో ఇరిగితే సంస్థ పేరు పోతాది. అట్లాంటిదేమన్నా జరిగితే బడితో పాటు నీ ఉద్యోగం కూడా పోతాది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా సామీ."

"ఇంటిలో అడిగి చెప్పు."

"అడిగే వచ్చినా. మహాదేవమ్మ ముందే ఒప్పుకునిండాది."

పదవిని పణంగా పెట్టి ప్రారంభించిన ఆ బడికి తొలి విద్యార్థులు ముగ్గురే. ప్రకాశం గారు మొదటివారు. నందికొట్కూరులో వేరుసెనగ పండించే, యుద్ధం ముగిశాక సైన్యం వారు అమ్మివేసిన జీపును ఇంటి గుర్రంలా చూసుకునే శ్రీ సుంకిరెడ్డి గారు రెండవవారు. మిషను ఆసుపత్రి వైద్యురాలు డాక్టర్ రాహేలమ్మ గారు మూడవవారు. పల్లెలకు వైద్యానికి పోయే చిన్న కారు ఆమెకుండేది. ఒక స్త్రీ పందెపు కారు నడుపుట ఏమిటని ఊరిలో గుసగుసలు లేచినప్పుడు, "బండికి తెలుస్తాదా తోలేది ఆడోళ్లో మగోళ్లో?" అని ఉరుకుందప్ప గారు అందరి నోళ్లు మూయించారు.

మొదటి ఆదివారం ఇంజను చప్పుడు కోసం ఉవ్విళ్లూరుతూ వచ్చిన శిష్యులకు గురువు గారు ఒక్క కారైనా ఎక్కనివ్వలేదు. ఓర్వకల్లు గుట్టల నడుమనున్న బండ్ల బాట వెంట అందరినీ నడిపించారు. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ ఇసుక కింద గట్టి నేల ఉందో పాదంతో తొక్కి చూడమన్నారు. ఎండకు చెమటలు కక్కుతూ ప్రకాశం గారు, "మేము ఈడికి కారు నేర్చుకునేకి వచ్చినామా, కాళ్లనొప్పులు తెచ్చుకునేకి వచ్చినామా?" అని మొరపెట్టుకున్నారు. "కాలికి తెల్సిందే చేతికి తెలుస్తాది. నడవండప్పా" అని గురువు గారు ముందుకు సాగారు.

రెండవ ఆదివారం బండ్లు కదిలాయి. ఆ ఆనందమేమని వర్ణింపవచ్చును! ఎర్రదుమ్ము ఆకాశాన్నంటింది. మలుపులో వెనుక చక్రాలు జారుతుంటే భయపడి బ్రేకు తొక్కకుండా, స్టీరింగును జారే వైపే తిప్పి బండిని దారికి తెచ్చుకొనుట ఎట్లో గురువు గారు తామే సుంకిరెడ్డి గారి జీపు నడిపి చూపారు. ఏళ్ల తరబడి వేళకు బస్సు నడిపిన ఆ చేతులు ఆనాడు జీపును గుట్ట చుట్టూ గిరగిర తిప్పుతుంటే చూసిన శిష్యులు చప్పట్లు కొట్టడం కూడా మరచారు. దిగిన తరువాత వారు తలపాగా విప్పి దుమ్ము దులుపుకుంటూ చిన్నపిల్లవానిలా నవ్వారు.

ఇక్కడొక ఘట్టాన్ని చెప్పక పోతే ఈ వ్యాసం అసంపూర్ణమగును. ఒక ఆదివారం సుంకిరెడ్డి గారి జీపు మలుపు తిరిగేసరికి దారిలో గొర్రెల మంద. జీపు ఆగింది గాని, హడలిన గొర్రెలు కంపచెట్లలోకి చెల్లాచెదరయ్యాయి. వాటిని కాచే సోమక్క చేతికర్ర ఎత్తి జీపుకు అడ్డంగా నిలబడింది.

"ఎవురప్పా మీరు? దయ్యం పట్టిందా ఏమి? గొర్లన్నీ చెదిరిపాయ గదా! ఈ బండి ఈడ నుంచి కదిలిందంటే ఈ కట్టె నీ అద్దం మీద పడతాది!"

"నేనెవరో తెలుసునా నీకు?" అని సుంకిరెడ్డి గారు గద్దించబోయేంతలో ఉరుకుందప్ప గారు పరుగున వచ్చారు.

"తప్పు మాదేనక్కా. రెడ్డీ, బండి దిగప్పా. లాయరు సామీ, డాక్టరమ్మా, రాండి. ముందు గొర్లను తోలుకొద్దాం."

ఆ పూటంతా న్యాయవాది, వైద్యురాలు, భూస్వామి ముగ్గురూ ముళ్లకంపలలో గొర్రెల వెంట పరుగులు తీశారు. ప్రకాశం గారి పంచె రెండుగా చిరిగింది. ఆఖరి గొర్రెపిల్లను రాహేలమ్మ గారు చంకన పెట్టుకుని తెచ్చి అప్పగించేసరికి సోమక్క కోపం నవ్వుగా మారింది. అప్పుడు ఉరుకుందప్ప గారు ఆమెతో, "అక్కా, దావలో ఏముండేదీ ఆ బండ మీద నిలబడితే నీకే తెలుస్తాది. నువ్వు సరే అంటేనే ఇంక మా బండి కదుల్తాది" అన్నారు.

"నేను సరే అంటేనా?"

"నువ్వంటేనే."

మరుసటి ఆదివారం సోమక్క తన కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుని, అందరికంటే ముందే వచ్చి బండ మీద నిలబడింది. ఆనాటి నుంచి ఆమె ఎర్రగుడ్డ ఊపనిదే ఓర్వకల్లులో ఏ కారూ కదలలేదు. ఒక్క మనిషికి గాని, పశువుకు గాని గాయమూ కాలేదు.

1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోగా కర్నూలు వీధులు బోసిపోయాయి. ఆ దిగులులో ఉన్న ఊరికి డిసెంబరులో మద్రాసు మోటారు సంఘం వారు కర్నూలు నుంచి కడపకు ర్యాలీ నడుపుతారన్న కబురు ప్రాణం లేచివచ్చినట్లు చేసింది. మన బడి నుంచి మూడు బండ్లు పోటీకి దిగాయి. డ్రైవరు పక్కన దారి చెప్పే మనిషి ఒకరుండాలన్న నిబంధన మేరకు, రాహేలమ్మ గారు తమ పక్క సీటుకు గురువు గారినే ఆహ్వానించారు. జన్మలో ఎన్నడూ ఎడమవైపు కూర్చుని ఎరుగని ఉరుకుందప్ప గారు ఆ ఉదయం పొరపాటున కుడి తలుపే తెరిచారని, "మాస్టరు గారూ, ఈ దినం అది నా సీటు" అని డాక్టరు గారు నవ్వారని చూసినవారు చెప్పుదురు.

పోటీకి ముందు రెండు రోజులు తుపాను వాన కురిసింది. పాణ్యం వద్ద ప్రకాశం గారి కారు స్ప్రింగు విరిగింది. ఆళ్లగడ్డ దాటిన తరువాత ఒక వంతెన మరమ్మతులో ఉండగా దారిని నల్లరేగడి చేని గుండా మళ్లించారు. అక్కడ మద్రాసు కార్లు రెండు ఇరుసుల దాకా కూరుకుపోయి ఉన్నాయి. ఎడమవైపు గట్టు పక్కన గడ్డి మొలిచి నేల గట్టిగా కనబడుతోంది. నడుమనున్న బండ్ల బాటలో వాననీరు నిలిచి ఉంది. ఉరుకుందప్ప గారి మనసు వెంటనే గట్టు వైపే మొగ్గింది. ఇన్నేళ్లలో వారెన్నడూ నిలిచిన నీటిలోకి బస్సు దించినవారు కారు.

రాహేలమ్మ గారు చెప్పులు విడిచి దిగారు. గట్టు వెంట నడిచారు, నీటిలోనూ నడిచారు. మోకాళ్ల దాకా బురదతో తిరిగి వచ్చారు.

"గట్టు పక్క పైకే గట్టిగా ఉండాది మాస్టరు గారూ, అడుగు పెడితే దిగబడతాండాది. నీళ్ల కింద బండ్లు తొక్కి తొక్కి నేల రాయి మాదిరి ఉండాది. నేను నీళ్లలోనే పోతా."

 గురువు గారు కాదంటే ఆమె వింటారు. విని గట్టు వెంట పోతారు. వారు ఆమె పాదాలకంటిన బురదను చూశారు, ఆమె ముఖాన్ని చూశారు.

"మీరు తొక్కి చూసినారు. నేను చూడలేదు. పోనీండి డాక్టరమ్మా!"

కారు నీటిలోకి దూకింది. అద్దం మీదికి బురద ఎగసి దారి కనబడలేదు. ఇంజను మూలిగింది, చక్రాలు ఒక్క క్షణం తడబడ్డాయి. "ఆపొద్దు! కాలు తియ్యొద్దు! ఆపొద్దు!" అని ఉరుకుందప్ప గారు అద్దం కింది ముందరి బల్లను రెండు చేతులా బాదుతూ గొంతెత్తి అరిచారు. రాహేలమ్మ గారు ఆపలేదు. కారు అవతలి గట్టున రోడ్డెక్కేసరికి, అక్కడ గుమిగూడిన జనం కేకలలో ఎవరి కేక ఎవరిదో తెలియలేదు. ఆ వెనుకనే సుంకిరెడ్డి గారి జీపు అదే నీటిదారిన అవతలికి చేరింది. ఉరుకుందప్ప గారు కిటికీలోంచి సగం బయటికి వంగి, తలపాగా విప్పి, గాలిలో తిప్పుతూ మైదుకూరు దాకా అట్లాగే వెళ్లారు. మనసు తీరా వదిలిన బండిలో, శిష్యురాలి పక్కన, ప్రయాణికునిగా!

కడపలో ఔత్సాహికుల తరగతిలో రాహేలమ్మ గారిది రెండవ స్థానం. సుంకిరెడ్డి గారిది అయిదవది. ప్రకాశం గారు విరిగిన స్ప్రింగుకు కట్టె కట్టుకుని, పోటీ ముగిసిన ఎంతో సేపటికి హారను మోగించుకుంటూ చేరారు. అందరికంటే పెద్ద చప్పట్లు వారికే దక్కాయి. జనంలో మన యజమాని గారు కూడా ఉన్నారు. ఎవరికీ చెప్పకుండా సంస్థ బస్సులోనే టిక్కెట్టు తీసుకుని వచ్చారు.

"ఏమప్పా ఉరుకుందప్పా, ఎవరికీ దెబ్బ తగల్లేదు గదా?"

"లేదు సామీ. నా గొంతొకటే పోయిండాది" అని వారు గుసగుసగా బదులిచ్చారు. నిజంగానే తరువాతి నాలుగు రోజులు వారు డ్రైవర్లకు చేతి సైగలతోనే పని చెప్పారు.

ఆ మరుసటి నెల నుంచి యజమాని గారు బడికి షెడ్డులో సగం స్థలమిచ్చారు. కడప, ప్రొద్దుటూరు, నందికొట్కూరుల నుంచి విద్యార్థులు రాసాగారు. మన సంస్థ డ్రైవర్లు కూడా ఆదివారాలు అక్కడికి పోయి, వానాకాలం దారులలో బస్సును అదుపు తప్పనీయని మెలకువలు నేర్చుకున్నారు. మొన్నటి వానలలో మన బస్సు ఒక్కటైనా దారి తప్పి చేలలోకి దిగకపోవుటకు ఆ బడి ఎంత కారణమో మనకందరికీ తెలుసు.

ఇక నేటి మాట. పదవీ విరమణ తేదీ నిర్ణయమైన సాయంత్రం శ్రీయుతులు ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా శ్రీమతి మహాదేవమ్మ గారు ఎదురుగా వచ్చి నిలబడ్డారట.

"ఊరందరికీ నేర్పితివి గదప్పా. నాకెప్పుడు నేర్పిస్తావు?"

"నీకా? ఏంటికే?"

"డాక్టరమ్మకు ఏంటికో నాకూ దానికే."

గత ఆదివారం ఓర్వకల్లులో మహాదేవమ్మ గారు చెంగు నడుముకు బిగించి సుంకిరెడ్డి గారి జీపు స్టీరింగు పట్టుకున్నారు. మూడు మార్లు ఇంజను ఆగింది. నాలుగవ మారు జీపు ఎగిరి దూకి, గుట్ట వైపు బయలుదేరింది. పక్క సీటులో కూర్చున్న మన ఉరుకుందప్ప గారు ముందరి బల్లను రెండు చేతులా పట్టుకుని, ఈ లోకంలో తమ కంటే భాగ్యవంతుడు లేడన్నట్లు బిగ్గరగా నవ్వుతూ కనిపించారు.

ఆ నవ్వు నూరేళ్లు నిలుచుగాక! శ్రీ ఉరుకుందప్ప గారికి, శ్రీమతి మహాదేవమ్మ గారికి ఆయురారోగ్యములు, కంటికి చూపు, చేతికి సత్తువ, ప్రతి ఆదివారమూ ఒక కొత్త దారి కలుగుగాక అని సహోద్యోగులమందరమూ మనసారా కోరుకొనుచున్నాము. అమ్మగారు బండి నేర్చుకునేదాకా ఓర్వకల్లు దారిన పోయే మన డ్రైవర్లందరూ కాస్త ఎడంగా నడుపుకోవలసిందిగా మాత్రం సవినయ మనవి.