రాక్షసి పెదవి ఎరుపు

"అద్దకు! దూదితో అద్దకురా అంటే! ఎరుపు ఇంకా పాకుతోంది చూడు."

"చెయ్యి తీశాగా బావా."

"తీశావు! రాక్షసి మొహమంతా తీశావు. మూడొందల ఏళ్ళ బొమ్మ. ఆ నవ్వు చూడ్డానికే పిల్లలు అద్దాల పెట్టెకి ముక్కులానించి నిలబడేవాళ్ళు."

లైబ్రరీ వెనక గదిలో, కుట్లు విప్పిన పాత కథల పుస్తకం బల్ల మీద విడి కాగితాలుగా పరిచి ఉంది. దాన్ని బాగుచేసే పెద్ద పనివాడు బావ. పదేళ్ళుగా అతని చేతికింద పనిచేస్తున్నవాడు బావమరిది.

"కడిగేముందు మూల మీద ఒక్క నీటిచుక్క వేసి చూడమన్నానా లేదా?"

"ముప్పై ఒక్క బొమ్మలకి చూశాను."

"దీనికి? బెల్లం కొట్టిన రాయిలా నిలబడకు, చెప్పు!"

"చూడలేదు. అన్నిటికీ ఒకటే ఎరుపు, ఏదీ కదల్లేదు కదా అని..."

"కదా అని! కదా అని అంట్లగిన్నె తోమినట్టు తోమేశావు. బడి మానేసి తిరిగేవాణ్ణి తెచ్చి కుంచె పట్టించాను, నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి."

"అక్క మొహం చూసి తెచ్చారు. రోజూ అంటూనే ఉన్నారుగా."

"అంటాను! లైబ్రరీ మేడమ్ వస్తే ఏం చెప్పను? నీ చేత్తో రాసివ్వు. నేనే పాడుచేశాను, పని మానేస్తున్నాను అని."

"బావా, ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు."

"రాయి!"

"రాస్తున్నా. ఒక్కటి చెప్పండి. ఆ కాలంలో ఎర్రరాయి నూరి, జిగురు కలిపి వేసిన ఎరుపు తడిస్తే కదలదన్నారు మీరు."

"అయితే?"

"ఇదెందుకు కదిలింది?"

"చెమ్మ తగిలుంటుంది."

"చెమ్మ తగిలితే కాగితం ఉబ్బేది. ఉబ్బలేదు."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

"అంచు అతకాలని, ఈ ఒక్క కాగితం పోయిన ఎండాకాలం మీరు ఇంటికి పట్టుకెళ్ళారు."

"అతికాను. తెచ్చాను."

"ఏదో తెచ్చారు."

"ఒరేయ్! గొంతు తగ్గించు. మేడమ్ మెట్లెక్కుతోంది."

"ఇందాకట్నుంచి అరుస్తున్నది మీరే."

"పోనీలే, రాయకు. నేనేదో సర్దిచెప్తా. పని కూడా మానొద్దు. ఆ కాగితం ఇటివ్వు."

"రాసేశాను బావా. తడిపింది నేనని రాశాను. ఈ నకలు గీసింది మీరని రాశాను. అసలు రాక్షసి ఎవరింటి గోడ మీదుందో, ఆ ఒక్క చోటు మీకోసం ఖాళీగా వదిలాను."