ఆసుపత్రి గదిలో వాన పాట

అధ్యక్షులవారికి, ముందు వరుసలోని పెద్దలకి, వెనక వరుసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న మిత్రులకి నమస్కారం. (నవ్వులు)

ఇన్నేళ్లూ తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు అందించడమే నా ఉద్యోగం. ఇవాళ ఈ వీడ్కోలు సభలో నాకు అందించేవాళ్లు లేరు కాబట్టి నోటికొచ్చిందే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా రేపటి నుంచి నేను మీకు దొరకను.

అధ్యక్షులవారు ఇందాక నన్ను పొగుడుతూ పొగుడుతూ, మన పాత పాటల నాటకం అసలు ప్రదర్శన దాకా రాకుండా ఆగిపోయింది నాయిక మొండితనం వల్లేనని ఒక మాట జారవిడిచారు. ఆ నాయిక మా ఆడపడుచు. అదిగో, తలుపు దగ్గర కూర్చుంది. రేపు సమావేశం పెట్టి ఆమెని బృందంలోంచి తీసేస్తారట. ఆడపడుచు అర్ధమొగుడంటారు, వెనకేసుకురావాలని నాకేం సరదా కాదు, ఇంట్లో మా ఇద్దరికీ క్షణం పడదు. (నవ్వులు) కానీ అబద్ధం వింటూ కూర్చోలేను.

జనం నోట నానిన పాటలన్నీ ముందు ఏరారు, మధ్య ఖాళీల్లో కథ కుక్కారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుక్కి పేరు మాత్రం పెట్టేశారు! తల్లి పోయాక ఆసుపత్రికి చేరిన కూతురు ఖాళీ మంచంతో మాట్లాడుతుంది చూడండి, మొత్తమ్మీద నాటకమంటే ఆ ఒక్క దృశ్యమే. దాన్ని కోసి, అక్కడ వాన పాట పెట్టారు. “ఆసుపత్రి గదిలో వానేమిటండీ?” అని నేనడిగితే దర్శకుడుగారు, మహా మేధావి, “కిటికీ తెరిచి పెట్టండమ్మా” అన్నారు. (నవ్వులు) నవ్వుతారేం, గొడుగులు కూడా తెప్పించారు.

ఇక పిలిచినవాళ్ల కోసం వేసిన పరీక్ష ప్రదర్శన. కూతురి వేషంలో మా ఆడపడుచు మంచం పక్కన ఏడుస్తుంటే, హాలంతా వాన పాటకి తాళం వేస్తూ పాడింది. మంచి పాటలన్నీ ఆత్రంకొద్దీ మొదటి సగంలోనే పెట్టేశారు కదా, విరామంలో పెద్దలు లేచి, “మా పాట అయిపోయిందండీ, బ్రహ్మాండం” అని కూనిరాగం తీసుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు. మీరూ వెళ్లారు, అధ్యక్షులవారూ. నేను చూశాను. రెండో సగం కుర్చీలు చూశాయి. మర్నాడు పెట్టుబడి పెట్టినవాళ్లు మెల్లగా జారుకున్నారు.

ఆ రోజు మా ఆడపడుచు ముఖం మీద రంగు తుడుచుకుంటూ, “వదినా, నేనెందుకు ఏడుస్తున్నానో చెప్పే మాట ఒక్కటైనా ఉంచమన్నాను. అది మొండితనమా?” అంది. ఊరందరికీ మాటలందించినదాన్ని, నాకు నోట మాట రాలేదు. సిగ్గేసింది. ఇప్పుడు వచ్చింది, అందరి ముందూ చెబుతున్నాను: కాదమ్మా, కాదు.

ఇప్పుడు నా గౌరవార్థం ఆ వాన పాటే వాయిస్తారట. కీబోర్డు తమ్ముడూ, చేతులు ఒళ్లో పెట్టుకో. నాకు జ్ఞాపిక వద్దు, పూలగుత్తి వద్దు. కోసేసిన ఆ దృశ్యం కావాలి. రావమ్మా, ఇలా రా. ఈ బల్లే మంచం అనుకో. (ఆమె వేదిక ఎక్కుతుంది) పెద్దలారా, ఎవరూ తాళం వేయకండి. అధ్యక్షులవారూ, కూర్చోండి, ఇది విరామం కాదు.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మొదలుపెట్టమ్మా. మాట మరిచిపోతే నేను పక్కనే ఉన్నాను. నువ్వు పూర్తి చేశాకే నాకు సెలవు.